విజ్జ పండుం నాటి తాడు

నాన్న శవం ఇంకా ఐసు పెట్టెలోనే ఉంది. వాకిట్లో వేసిన షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో మా మేనమామ రాఘవులు కూర్చుని, టీ గ్లాసు చేత్తో పట్టుకుని, చుట్టూ చేరినవాళ్ళకు నాన్న గురించి చెబుతున్నాడు. దేవుడంటి మనిషి అన్నాడు. పెళ్ళాం, పిల్లలు, చెరువు కట్టలు తప్ప వేరే లోకం తెలియదన్నాడు. అంతవరకు బాగానే ఉంది. తర్వాత గొంతు తగ్గించినట్టు తగ్గించి, అందరికీ వినపడేలా ఇంకో మాట అన్నాడు. “అడవిల పని చేసేటప్పుడు మా బావ ఒక కోయామెను బండితోని ఈడ్చిండు. చెయ్యి పోయింది పాపం. జన్మల అదొక్కటే తప్పు చేసిండు. పరువు పోతదని మేమే ఇన్నేళ్ళు కడుపుల దాసుకున్నం.” చుట్టూ ఉన్నవాళ్ళు అయ్యో అన్నట్టు తలలు ఊపారు.

నేను గడపలో నిలబడి విన్నాను. ఇంట్లో శవం ఉన్నప్పుడు గొడవ పెట్టుకోకూడదంటారు కాబట్టి నోరు మూసుకున్నాను. అది నాకు అలవాటు లేని పని. ఎవరు ఎప్పుడు అన్నారో తేదీలు నాకు గుర్తుండవు గాని, అన్న మాటా, అనేటప్పటి మొహమూ చచ్చినా మర్చిపోను. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా, ఈఈగా, రిటైరైన నాన్నను కింది ఉద్యోగి ఏఈ అని ఫ్లెక్సీ మీద అచ్చు వేయించుకొచ్చిన వాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది. అది చిన్న కోపం. మామయ్య మీద ఉన్నది నలభై ఏళ్ళు దాటిన కోపం. ఆ బండి ఎవరు నడిపారో కళ్ళారా చూసినవాళ్ళు మా ఇంట్లో ముగ్గురమే మిగిలాం: అమ్మ, నేను, ఆయన. నాన్న పేరు మీద ఆ మచ్చ ఉండడమా, పోవడమా అన్నది ఇక మా నోళ్ళ మీదే ఉంది. ఆయన నోరు ఏం చేసిందో చూశాను. అమ్మ నోరు అప్పటికి ఎప్పుడూ తెరుచుకోలేదు. అందుకని జరిగింది మొదటినుంచి నేను చెబుతున్నాను.

మాది వేంసూరు వైపు వ్యవసాయ కుటుంబం. నాన్న చిన్న నీటిపారుదలలో ఇంజనీరు. భద్రాచలం అడవి అంచున ఒక వాగుకు అడ్డంగా కట్ట పోయించే పని ఆయనకు పడింది. మాకిచ్చిన క్వార్టరు రేకుల ఇల్లు. పొద్దున్నే క్వారీలో తోటాలు పేల్చేవాళ్ళు. ఒక్కో పేలుడుకు రేకులు దడదడలాడి, వంటింటి గూట్లో గిన్నెలు ఒకదాన్నొకటి కొట్టుకునేవి. మొదటి ఏడే మా కుక్కను చిరుత ఎత్తుకుపోయింది. వాకిట్లో మెడపట్టీ, కాస్త నెత్తురు మిగిలాయి. బడిలో మాస్టారు చింతబరికె విరిగేదాకా కొట్టి, విరిగిన బరికె బదులు కొత్తది మాతోనే తెప్పించేవాడు. సంత రోజున కల్లు తాగినవాళ్ళు తలలు పగలగొట్టుకుని మా అరుగు మీదికి వస్తే అమ్మ పసుపు అద్దేది. దెబ్బ అన్నది ఆ రోజుల్లో వర్షం లాంటిది. ఎప్పుడు పడుతుందో తెలియదు గాని, పడకుండా ఉండదని తెలుసు.

ఆ దెబ్బల మధ్య ఎవరినీ కొట్టని మనిషి మా నాన్న ఒక్కడే. అమ్మకు మలేరియా వచ్చి రోజుల తరబడి దుప్పటి కింద వణుకుతుంటే, ఆయనే పొయ్యి రాజేసి, జావ కాచి, అమ్మ చీరలు బావి దగ్గర ఉతికి ఆరేసేవాడు. దారిన పోయేవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆయనకు పట్టేది కాదు. నన్ను మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని, కొబ్బరినూనె రాసి రెండు జడలు వేసేవాడు. ఆ వేళ్ళకు సిమెంటు వాసన, కిరసనాయిలు వాసన. ఎండాకాలంలో వాటికి తోడు, చుట్టుపక్కల గూడేల్లో ఆరబోసిన ఇప్పపూవు వాసన గాలంతా నిండి తల తిరిగేది. జడలు బిగుతుగా ఒక్క కొలతలో వచ్చేవి. ఎక్కడన్నా హెచ్చుతగ్గు ఉంటే విప్పి మళ్ళీ అల్లేవాడు. తూము గోడను సుత్తితో తట్టి చెవి ఆనించి వినేవాడు. లోపల బోలుగా వినిపిస్తే పగలగొట్టించి మళ్ళీ కట్టించేవాడు. జడైనా గోడైనా ఆయనకు ఒకటే పద్ధతి.

కట్ట మీద మట్టి మోసే ఆడవాళ్ళలో ముత్తమ్మ ఒకామె. పక్క కోయగూడెం మనిషి. తలమీద తట్ట పెట్టుకుని కూడా నవ్వుతూనే ఉండేది. నాకు తునికిపండ్లు తెచ్చేది. అమ్మ ఎప్పుడూ కొంగు తలమీద కప్పుకుంటుందని, “ఎండకు గొడుగా అమ్మా అది?” అని ఎగతాళి చేసేది. అమ్మకు ఆ చనువు నచ్చేది కాదు. నాకు నచ్చేది.

వానలకు ముందు గూడెంలో విజ్జ పండుం చేసేవాళ్ళు. విత్తనాల పండుగ. ఇంటింటి విత్తనాలూ తెచ్చి ఒక్కచోట దేవుడి ముందు పెడతారు. మగవాళ్ళు విల్లంబులు, గొడ్డళ్ళు తీసుకుని వేటకు పోతారు. తెచ్చిన వేట నెత్తురు ఆ విత్తనాలకు తగిలించి, అప్పుడు పంచుకుని చల్లుతారు. మగవాళ్ళు అడవిలో ఉన్నన్ని రోజులు దారులన్నీ ఆడవాళ్ళవి. నారతో పేనిన తాడు రోడ్డుకు అడ్డంగా పట్టుకుని వచ్చేపోయేవాళ్ళను ఆపేస్తారు. వేటకు పోకుండా రోడ్డు మీద తిరిగే మగవాడు దొరికితే పేడనీళ్ళు పోసి, నవ్వి, ఆడించి, చేతిలో ఏదుంటే అది పుచ్చుకుని వదులుతారు. నాన్న ఏటా జీపు ఆపి తనే దిగేవాడు. బురద పోయించుకునేవాడు. చేతకాని కాళ్ళతో నాలుగు గంతులు వేసి, బెల్లం అచ్చు ఇచ్చి, తల తుడుచుకుంటూ ఆఫీసుకు పోయేవాడు. ఆఫీసరు అయి ఉండి ఆ ఆటలేమిటని అమ్మ తలపట్టుకునేది. వాళ్ళ ఊళ్ళో మనం ఉంటున్నాం గాని మన ఊళ్ళో వాళ్ళు లేరు కదా అనేవాడు నాన్న.

ఆ ఏడు పండుం రోజుల్లోనే మా తమ్ముడి పుట్టువెంట్రుకలు భద్రాచలంలో తీయించాలని మొక్కు. డిపార్టుమెంటు జీపులో మమ్మల్ని ఎక్కించడం నాన్నకు సరిపడదు. జ్వరంతో ఉన్న అమ్మను కూడా దవాఖానాకు బస్సులోనే తీసుకుపోయిన మనిషి. ఆ పట్టుదల లేకపోతే మేము మామయ్య బండి ఎక్కే అవసరం ఉండేది కాదు. ఈ విషయంలో నాన్న మీద కూడా నాకు ఫిర్యాదు ఉంది. అమ్మ తమ్ముడు రాఘవులు అప్పుడే సత్తుపల్లిలో కొత్తగా జీపు కొన్నాడు. తెల్ల గ్లాస్కో పంచె, తెల్ల చొక్కా, చేతికి బంగారు గొలుసు గడియారం. తనే నడుపుకుంటూ వచ్చాడు. నాన్న ముందు సీట్లో. వెనక అమ్మ, ఒళ్ళో తమ్ముడు, పక్కన నేను.

గూడెం దగ్గర తాడు అడ్డం వచ్చింది. నాన్న అలవాటు ప్రకారం నవ్వుతూ దిగాడు, పోయించుకున్నాడు, ఆడాడు. ఆడవాళ్ళు మామయ్యను కూడా దిగమన్నారు. ఆయన స్టీరింగు వదల్లేదు. తాడు ఒక కొస మద్దిచెట్టుకు కట్టి ఉంది. రెండో కొస ముత్తమ్మ తన మణికట్టుకు చుట్టుకుని, రెండో చేత్తో ముంత ఎత్తింది. “వేటకు పోకుండ ఇంట్ల కూసున్న మొగోడివి, ఈ తెల్లబట్ట నీకెందుకయ్యా” అంటూ పేడనీళ్ళు ఆయన నెత్తిన గుమ్మరించింది. అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. వెనక నుంచి అమ్మ, “ఏందీ అసయ్యం, నడుపురా తమ్ముడూ” అన్నది.

ఆయన నడిపాడు. తాడు బంపరుకు తగులుకుంది. చెట్టు కొస తెగింది. ముత్తమ్మ కొస తెగలేదు. మొదట ఆమె నాలుగడుగులు పరుగెత్తింది, తర్వాత బోర్లా పడింది, ఆ తర్వాత నేను చూసింది మనిషిని కాదు, దుమ్మును. కంకర మీద శరీరం ఈడ్చుకొచ్చే చప్పుడు ఒకటి ఉంటుంది. బియ్యం చెరిగే చప్పుడుకూ దానికీ దగ్గర పోలిక. ఇప్పటికీ ఎవరింట్లోనన్నా చేట చప్పుడైతే నేను లేచి బయటికి పోతాను. నాన్న బండి వెంట పరుగెత్తి, పక్క మెట్టు మీదికి దూకి, లోపలికి వంగి స్టీరింగును విరిచినంత పని చేశాడు. జీపు కాలవలోకి దిగి చీమలపుట్టను గుద్ది ఆగింది. నా పెదవి పగిలింది. తమ్ముడు కెవ్వుమన్నాడు.

అప్పుడు నాన్న మామయ్యను మెడపట్టి కిందికి లాగి కొట్టాడు. ఆయన చెయ్యి ఎత్తడం నేను చూడడం అదే మొదలు. అరచేత్తో కొట్టాడు, పిడికిలితో కొట్టాడు, కింద పడితే మోకాలితో అదిమిపెట్టి కొట్టాడు. తెల్లచొక్కా మీద పేడ, పేడ మీద నెత్తురు. ఒక పన్ను ఊడి ఇసుకలో పడింది. నాన్న ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అదే భయం వేసింది. నా తమ్ముణ్ణి సంపుతవా అని ఏడుస్తూ అమ్మ వెనకనుంచి ఆయన వీపు మీద రెండు చేతులతో గుద్దుతోంది. పక్కన ముత్తమ్మ మణికట్టు ఎముక తెల్లగా బయటికి కనపడుతోంది.

సరిగ్గా ఆ సమయానికే డోలు వినపడింది. వేట నుంచి మగవాళ్ళు వస్తున్నారు. కర్రకు వేలాడదీసిన అడవిపందిని దారిలోనే పడేసి పరుగున వచ్చారు. ఆడవాళ్ళు మామయ్యను చూపించారు. మనుషుల గుంపు మీదికి విరుచుకుపడ్డప్పుడు మొహాలు కనపడవు, చేతులే కనపడతాయి. అంతదాకా కొడుతున్న నాన్న, అదే మనిషి మీద అడ్డంగా పడుకున్నాడు. కట్టెలతో కొట్టారు, కాళ్ళతో తన్నారు. ఒకతను గొడ్డలి తిరగేసి వేసిన దెబ్బ నాన్న ఎడమ భుజం మీద పడి, ఎండుకట్టె విరిగినట్టు వినపడింది. సారూ సారూ అని ఆడవాళ్ళే ఏడ్చి వాళ్ళను ఆపారు. ఆపిన ఆ సందులో మామయ్య నాన్న కింద నుంచి పాక్కుంటూ బయటపడి, లేచి, పొదల్లోకి పారిపోయాడు. అక్కను, మేనల్లుణ్ణి, నన్ను వదిలేసి పోయాడు. నాకు కనపడినవి ఆయన అరికాళ్ళు.

కొట్టినవాళ్ళే జీపును కాలవలోంచి ఎత్తారు. అక్కడ బండి నడపడం తెలిసినవాడు నాన్న ఒక్కడే. విరిగిన భుజంతో, ఒంటిచేత్తో ముత్తమ్మను భద్రాచలం దవాఖానాకు చేర్చాడు. స్టీరింగు ముందు నుంచి నెత్తుటి బట్టలతో దిగినవాణ్ణి అక్కడి జనమంతా చూశారు. మామయ్య చెప్పుకున్న కథకు ఆ చూపులే పెట్టుబడి. ముత్తమ్మ కుడిచెయ్యి మణికట్టు పైదాకా తీసేశారు.

తొలకరి పడింది. చుట్టూ ఊళ్ళన్నీ నాగళ్ళు కట్టాయి. ఆ గూడెం ఒక్కటే కట్టలేదు. వేట నెత్తురు తగలాల్సిన పండుంలో మనిషి నెత్తురు పడ్డది. తప్పు చేసినవాడు పదిమందిలో కూర్చుని ఒప్పుకుని దెబ్బ తినేదాకా ఆ విత్తనం భూమిలో పడకూడదు, అది వాళ్ళ కట్టుబాటు. అదును దాటిపోతోంది. ఏడాది తిండి ఆ విత్తనాల్లోనే ఉంది. నాన్న చెయ్యి మెడకు కట్టుకుని సత్తుపల్లి పోయాడు. నన్ను తోడు తీసుకుపోయాడు. అమ్మమ్మ మాకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. ఆ సంగతి నేను మర్చిపోలేదు. మామయ్య ఊడిన పన్ను చూపించి, అడవి మనుషుల ముందు నేను కూర్చోవాల్నా అన్నాడు. కూర్చోకపోగా, అన్నల మనుషులు, నక్సలైట్లు, తనను చంపబోయారని పోలీసులకు చెప్పాడు. ఆ రోజుల్లో ఆ ఒక్క మాట చాలు. గూడెం మగవాళ్ళను పట్టుకుపోయి అరికాళ్ళ మీద కొట్టారు. తిరిగి వచ్చేటప్పుడు వాళ్ళు పిరుదుల మీద జరుగుతూ వాగు దాటడం నేను మా వాకిట్లోంచి చూశాను. గొడ్డలి దెబ్బ ఎవరు వేశారో చెప్పమని పోలీసు అధికారి నాన్నను అడిగితే, కట్ట మీద జారిపడ్డానని రాసిచ్చాడు.

నిజం చెబితే మామయ్య జైలుకు పోతాడు, అమ్మకు పుట్టిల్లు ఉండదు. ఊరుకుంటే గూడెం పస్తు. నాన్న ఎటూ కాకుండా మూడో దారి పట్టాడు. ఒకరోజు పొద్దున జల్లు పడుతుంటే నన్ను చెయ్యి పట్టుకుని గూడేనికి నడిపించాడు. అమ్మను రమ్మంటే రాలేదు. ఇంటి మనిషి ఒకరు సాక్షిగా ఉండాలని గూడెం పెద్ద ఎర్రయ్య కబురు పెట్టాడు కాబట్టి నేను. నాన్న బురదలో కింద కూర్చున్నాడు.

“ఎవరిది తప్పు?” అని ఎర్రయ్య అడిగాడు.

“మా ఇంటిది. నాది,” అన్నాడు నాన్న.

ముత్తమ్మ ముందుకు వచ్చింది. మొండిచెయ్యి కొంగులో దాచుకుంది. ఎడమచేతిలో చింతబరికె. “బండి నీ చేతుల లేకుండె సారు. నేను సూసిన. నిన్నెట్ల కొడుత?”

“వాడు నా ఇంటోడు ముత్తమ్మా. వాడు రాడు. అదును పోతాంది. కొట్టు.”

ఆమె బరికె దించింది. ఎర్రయ్య కోయ మాటలో ఏదో గద్దించాడు. అప్పుడు కొట్టింది. ఎడమచేతి వాటం లేని మనిషి. మొదటి దెబ్బ గురితప్పి విరిగిన భుజం మీదే పడింది. నాన్న పళ్ళు కొరుక్కున్న చప్పుడు నాకు వినపడింది. ఎర్రయ్య చాలన్నదాకా కొట్టింది. వీపు మీద చొక్కా చీలి అతుక్కుపోయింది. అది అయ్యాక బరికె పారేసి, అదే చేత్తో నాన్నకు దొన్నెలో జావ పట్టించింది. ఆయన తాగాడు. మా వెనకే గూడెం పొలాల్లోకి కదిలింది. తీరిన తగువును మళ్ళీ తవ్వకూడదని ఎర్రయ్య చెప్పాడు. నాన్న సరేనన్నాడు. ఇంటికొచ్చి అమ్మకూ నాకూ కూడా అదే చెప్పాడు.

అక్కడే మామయ్యకు పంట పండింది. గూడెంలో నాన్న తప్పు ఒప్పుకున్నాడన్న మాట సత్తుపల్లి చేరింది. పారిపోయినవాడు కాస్తా బావ తప్పు కప్పిపెట్టిన బామ్మర్ది అయ్యాడు. పెళ్ళిళ్ళలో, పంక్తిలో పక్కపక్కన కూర్చున్నప్పుడు కూడా ఆ మాట అన్నాడు. నాన్న తల వంచుకుని అన్నం కలుపుకునేవాడు. నేను నోరు తెరిస్తే కళ్ళతోనే ఆపేవాడు. ఆ తర్వాత ఆయన ఎడమచెయ్యి భుజం దాటి లేవలేదు. నాకు జడలు వేయలేకపోయాడు. బదిలీలు అయ్యాయి, పెద్ద ఉద్యోగం వచ్చింది, శాలువా కప్పి రిటైరు చేశారు. చొక్కా తొడుక్కోవడానికి ఆఖరుదాకా అమ్మ సాయం పట్టాల్సి వచ్చింది. రోజూ పొద్దున ఆ చెయ్యిని తన చేత్తో పట్టి చొక్కాలో దూర్చిన మనిషి, ఆ చెయ్యి సంగతి ఒక్కనాడూ ఎవరితోనూ ఎత్తలేదు.

నాన్న పోకముందు ఒకసారి ఆ వైపు పోయాను. నల్లటి తారురోడ్డు, రెండు పక్కలా పామాయిలు తోటలు. సత్తుపల్లి దగ్గర భూమిని తవ్వి బొగ్గు తీస్తున్న గొయ్యి చూస్తే, మా క్వారీ పేలుళ్ళు టపాకాయల్లా అనిపించాయి. పండుం రోజులే. ఆడపిల్లలు తాడు పట్టుకుని నిలబడ్డారు. మా ముందు కారువాళ్ళు అద్దం కొంచెం దించి ఒక నోటు బయటికి జారవిడిచి పోయారు. బిచ్చం అనుకున్నారు. ఒకప్పుడు కనీసం కోపం వచ్చేది. మనిషిని మనిషి చూసేవాడు. నేను దిగాను. పోయమన్నాను. పెద్దామె మీద పోయడానికి వాళ్ళు సిగ్గుపడి, పాదాల మీద కాసిని నీళ్ళు చల్లారు. ముత్తమ్మ గురించి అడిగితే, పోయి చాలా ఏళ్ళైందన్నారు.

నాన్న పెద్దకర్మ రోజు వచ్చింది. మొగుడు పోయిన ఆడదానికి ఆ రోజు పుట్టింటివాళ్ళు చీర పెట్టాలి. మా వైపు అది తప్పదు. అమ్మను పీట మీద కూర్చోబెట్టారు. ఊరూ చుట్టాలూ నిండిపోయారు. మామయ్య కర్ర పోటేసుకుంటూ వచ్చి, పళ్ళెంలో చీర పెట్టి ముందుకు చాచాడు. అమ్మ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. తీసుకోమ్మా, పుట్టింటిది అన్నాడు పంతులు. ఆమె తీసుకోలేదు. ఆయన పళ్ళెం ఇంకాస్త ముందుకు జరిపాడు.

“బండి నడిపింది నువ్వు,” అన్నది అమ్మ.

“ఏందక్కా, ఇప్పుడు అదెందుకు?”

“నడుపుమన్నది నేను. నడిపింది నువ్వు. ఆయన రోడ్డు మీద నిలబడ్డడు. ఇంతమందిల చెప్తున్న.”

“బావే ఒప్పుకున్నడు గదా.”

“నిన్ను బతికించనీకి ఒప్పుకున్నడు. బతికినవ్ గద. ఇగ ఆ చీర తీస్కపో.”

అరవలేదు, ఏడవలేదు. మామయ్య ఇంకా చాచే ఉన్నాడు. పళ్ళెం వంగి చీర నేల మీద పడింది. ఎవరూ తీయలేదు. చివరికి ఆయన కొడుకు వచ్చి చీరను మడిచి చంకలో పెట్టుకుని, తండ్రి మోచెయ్యి పట్టుకుని గేటు దాటించాడు.

చుట్టాలు వెళ్ళిపోయాక, ఈ మాట ఆయన ఉండగా ఎందుకు చెప్పలేదని అమ్మను అడిగాను. “ఆయన ఉన్నన్ని రోజులు ఆయన మాట నిలబెట్టిన. ఇప్పుడు నా మాట నాది,” అన్నది. ఈ జవాబు నాకు సరిపోలేదు. ఆ మాట అందరికంటే ముందు వినాల్సిన మనిషి నాన్న. పంక్తిలో తల ఎత్తుకుని అన్నం తినాల్సిన మనిషి. అమ్మ మీద ఆ ఫిర్యాదు నాకు అట్లాగే ఉంది, ఆమెకూ చెప్పాను. పుట్టింటి చీర వద్దనుకున్న ముసలిదని ఊళ్ళో ఆడవాళ్ళు చెవులు కొరుక్కుంటున్నారు. ఆమెకు ఇప్పుడు చీరలు నేనే కొంటున్నాను.